వారాంతాల కోసం పాత ఫోర్ బై ఫోర్ పికప్: వరంగల్ చుట్టుపక్కల కొనేవారికి సమగ్ర మార్గదర్శి

సెకండ్ హ్యాండ్ పికప్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముందు మీటర్ రీడింగ్ చూస్తారు. నేను ముందు అడిగేది, ఈ బండి ఇన్నాళ్ళూ ఏం పని చేసింది అని. హైదరాబాద్ హైవే మీద లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి, ఓపెన్‌కాస్ట్ గనిలో యాభై వేలు తిరిగిన బండి పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను. మీటర్‌ని వెనక్కి తిప్పడం పెద్ద పనేమీ కాదు. చేసిన పని గుర్తులు మాత్రం ఛాసిస్ మీద, బరువు మోసే కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద, క్రౌన్ (రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్ల పెట్టె) ఆయిల్‌లో అలాగే ఉండిపోతాయి. వాటిని ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

వారమంతా బైక్ మీదో చిన్న కారులోనో ఆఫీసుకు వెళ్తూ, శని, ఆదివారాల్లో ఊళ్ళో పొలం చూసుకోడానికి, ఇంటిల్లిపాదీ లక్నవరం, పాకాల, బొగత వైపు వెళ్ళడానికి ఒక గట్టి బండి కావాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రోజూ సరుకు తోలే వ్యాపారం లెక్కలు వేరు.

మొదటి పని: మీ దారి ఏదో తేల్చుకోండి

వరంగల్ నుంచి ఎటు వెళ్ళినా ప్రధాన రోడ్లు బాగానే ఉన్నాయి. 163వ నంబర్ జాతీయ రహదారి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు వెళ్తుంది, 563 కరీంనగర్, ఖమ్మం వైపులను కలుపుతుంది. రామప్పకు, లక్నవరానికి, పాకాలకు మామూలు కారులోనే హాయిగా వెళ్ళొచ్చు. నాలుగు చక్రాలకూ పవర్ అందే ఫోర్ బై ఫోర్ అవసరం వచ్చేది తారు రోడ్డు దిగాక పొలం దాకా ఉండే ఆ చివరి కిలోమీటరు, రెండు కిలోమీటర్లలోనే.

ఆ చివరి కిలోమీటరులో నేల ఎలాంటిదో చూడండి. ఎర్ర చెలక, మొరం పోసిన బాట అయితే వాన వెలిసిన కాసేపటికే నీళ్ళు ఇంకిపోతాయి. ఎత్తుగా ఉండి, టైర్లు బాగున్న టూ వీల్ డ్రైవ్ పికప్ ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఇబ్బంది పడదు. నల్లరేగడి సంగతి అలా కాదు. ఆదిలాబాద్ వైపు గానీ, మన దగ్గర పత్తి పండే ఊళ్ళల్లో గానీ ఒక గట్టి వాన పడితే ఆ మట్టి టైరు గాడుల్లోకి ఎక్కి నున్నగా పూసుకుపోతుంది. టైరుకు పట్టే ఉండదు. వెనుక చక్రాలు తిరుగుతూ కిందికి దిగబడతాయే తప్ప బండి కదలదు. మధ్యలో ఒర్రె దాటాల్సిన బాట ఉన్నా, గుట్ట ఎక్కాల్సి వచ్చినా ముందు చక్రాలకు కూడా పవర్ ఉండటం నిజంగా అక్కరకొస్తుంది.

మీ దారిలో ఇవేవీ లేకపోతే టూ వీల్ డ్రైవ్ కొనండి. డబ్బు మిగులుతుంది. ఫోర్ బై ఫోర్ అంటే అదనంగా ఒక ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ పవర్‌ను ముందు, వెనుక చక్రాలకు పంచేది), ముందు క్రౌన్, ముందు జాయింట్ షాఫ్ట్, వాటి ఆయిళ్ళు, సీళ్ళు, బేరింగులు. పాత బండిలో ఇవన్నీ ఖర్చు పెట్టించేవే.

అడవి గురించి ఒక మాట. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అభయారణ్యాలు. అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి బండి దించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఫోర్ బై ఫోర్ ఉందని అడవిలోకి తోలుకుంటూ పోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ బాటలు అక్కడి జంతువులవి, అక్కడ బతికే మనుషులవి.

ఇంటి దగ్గర జాగా కూడా ఇప్పుడే కొలుచుకోండి. ఇసుజు వీ క్రాస్ పొడవు 5.3 మీటర్లు. హన్మకొండ పాత కాలనీల్లో చాలా గేట్ల లోపల అది పట్టదు, సందు మలుపులో ఒకేసారి తిరగదు. టేప్ పెట్టి కొలవండి.

రెండో పని: దొరికే బండ్లలో మీకు పనికొచ్చేది ఏది

మన దగ్గర పాత ఫోర్ బై ఫోర్ పికప్‌లు ఎక్కువ రకాలు లేవు. నాలుగే ప్రధానంగా కనిపిస్తాయి.

ఇసుజు డీ మ్యాక్స్ వీ క్రాస్ 2016లో వచ్చింది. తయారీ శ్రీసిటీలో. మొదటి బండ్లలో 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, 134 హార్స్ పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్ల మాన్యువల్. కింద ఎత్తు 225 మిల్లీమీటర్లు. ఐదుగురు సౌకర్యంగా కూర్చోవచ్చు, వెనుక ట్రాలీ పెద్దది. కుటుంబంతో వారాంతాలకు వాడుకోవడానికి వీటిలో ఇదే మంచిదని నా అభిప్రాయం. అయితే స్పేర్ పార్ట్ వెంటనే ఊళ్ళో దొరుకుతుందని అనుకోవద్దు. హైదరాబాద్ నుంచి తెప్పించుకునే ఓపిక, అందుకు కాస్త ఎక్కువ డబ్బు ఉండాలి. ఐడిల్‌లో ఇంజన్ స్పీడు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటే డీజిల్ పంపు మీది సక్షన్ కంట్రోల్ వాల్వ్‌ను ముందు అనుమానించండి.

మహీంద్రా స్కార్పియో గెటవే 2007లో వచ్చింది. మొదట 2.6 లీటర్ల ఇంజన్, తర్వాత 2.2 లీటర్ల ఎంహాక్. ముందు సగం స్కార్పియోనే కాబట్టి నర్సంపేటలోనైనా, మంచిర్యాలలోనైనా మెకానిక్‌కు ఇది కొత్త బండి కాదు. ఇదే దీని పెద్ద బలం. గెటవేలో టూ వీల్ డ్రైవ్ కూడా ఉంది.

టాటా జెనన్ ఎక్స్‌టీ 2009 నాటిది, 2.2 లీటర్ల డైకార్ ఇంజన్, 140 హార్స్ పవర్. ధర తక్కువకు వస్తుంది, దమ్మున్న ఇంజనే. మోడల్ ఆగిపోయి ఏళ్ళయింది కాబట్టి బాడీ పార్టులు, లోపలి ప్లాస్టిక్ సామాన్లు వెతుక్కోవాలి. జెనన్ మీద పనిచేసిన మెకానిక్ మీకు ముందే తెలిసి ఉంటేనే దీని జోలికి వెళ్ళండి.

బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ మొరటు బండి, మరమ్మతు సులువు. పల్లెల్లో కూడా రిపేరు చేస్తారు. హైవే మీద మెల్లగా వెళ్తుంది, సీట్లు అంతంత మాత్రం. పొలానికే అయితే ఇది చాలు. పిల్లలతో కాళేశ్వరం దాకా వెళ్ళి రావాలంటే అలసట తప్పదు.

టయోటా హైలక్స్ 2022లోనే వచ్చింది, ఇంకా పాత బండి ధరకు దిగలేదు. దాన్ని పక్కన పెడుతున్నాను.

బీఎస్ 4, బీఎస్ 6 (బండి పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణాలు) తేడా వారాంతపు బండికి చాలా ముఖ్యం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. ఐదు రోజులు నిలబడి, ఆరో రోజు పది కిలోమీటర్లు పొలానికి పోయి వచ్చే బండిలో అది నిండిపోతుంది, వార్నింగ్ లైటు వెలుగుతుంది, టెన్షన్ మొదలవుతుంది. మీ వాడకం చిన్న దూరాలైతే 2017 నుంచి 2020 మధ్య బీఎస్ 4 బండి మేలు. నెలకోసారైనా హైదరాబాద్ వెళ్ళొచ్చేవాళ్ళకు బీఎస్ 6తో ఇబ్బంది లేదు.

మూడో పని: నంబర్ ప్లేటు రంగు

ఒకే మోడల్‌లో తెల్ల ప్లేటు బండి, పసుపు ప్లేటు బండి రెండూ దొరుకుతాయి. పసుపు ప్లేటుది రెండు లక్షలు తక్కువకు వస్తోందని సంబరపడొద్దు. పసుపు ప్లేటు అంటే సరుకు రవాణా వాహనం. దానికి ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పన్ను, బీమా లెక్కలు కూడా వేరు. తెల్ల ప్లేటు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగింపు. శని, ఆదివారాలు వాడే బండికి తెల్ల ప్లేటే కావాలి.

"తర్వాత వైట్ ప్లేట్ చేయించుకోవచ్చు అన్నా" అని బ్రోకర్లు తేలిగ్గా చెప్తారు. ఆ ఫలానా బండికి అది కుదురుతుందో లేదో ఆర్టీఏ ఆఫీసులో మీరే అడిగి తెలుసుకునేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

లైసెన్సు గురించి చాలామందికి అనుమానం ఉంది. 7,500 కిలోల లోపు బండిని ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సుతో నడపొచ్చని, అది సరుకు బండి అయినా సరే, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకోవద్దు. మేడారం జాతరకు, పెళ్ళిళ్ళకు మన దగ్గర ఇది మామూలైపోయింది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ఒక్క గుంతలో బండి ఎగిరితే వెనుక నిలబడ్డవాళ్ళకు పట్టుకోడానికి కూడా ఏమీ ఉండదు. ఎంతమంది కూర్చోవాలో లెక్కేసుకుని డబుల్ క్యాబిన్ తీసుకోండి.

నాలుగో పని: బండి గతాన్ని చదవడం

ఇక్కడ తొందరపడొద్దు. ఉత్తర తెలంగాణలో దొరికే పాత పికప్‌లు ఎక్కువగా నాలుగు చోట్ల నుంచి వస్తాయి: గని, పొలం, వరద నీళ్ళు, ఢిల్లీ.

గని బండి. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో కాంట్రాక్టర్ల కింద తిరిగిన క్యాంపర్లు అమ్మకానికి వస్తుంటాయి. కిలోమీటర్లు తక్కువే చూపిస్తాయి. కానీ గనిలో బండి రోజంతా దుమ్ములో, ఎగుడు దిగుడు హాల్ రోడ్ల మీద, మొదటి రెండు గేర్లలోనే తిరుగుతుంది, షిఫ్టుకొక డ్రైవరు మారతాడు. దీన్ని పట్టుకోడానికి ఒక గుర్తు ఉంది. గని లోపల తిరిగే చిన్న బండ్లు పెద్ద డంపర్ల డ్రైవర్లకు కనిపించాలని పొడవాటి జెండా కర్ర కడతారు, పైకప్పు మీద తిరిగే లైటు బిగిస్తారు. అమ్మే ముందు వాటిని పీకేసి, రంధ్రాలను ఎంసీల్‌తో పూడ్చి, పైన రంగు వేస్తారు. ఉదయం ఏటవాలు ఎండలో పైకప్పు మీద, ముందు బంపరు మూలల మీద అరచేతితో నిమరండి. పూడ్చిన చోట వేలికి చిన్న గడ్డలా తగులుతుంది. లోపలి నుంచి పైకప్పు గుడ్డ కొంచెం దించి చూస్తే రంధ్రం అంచు కనిపిస్తుంది. తర్వాత డ్యాష్‌బోర్డు కింద, తలుపు సీళ్ళ వెనక వేలు పెట్టి తుడవండి. నల్లటి మెత్తటి పొడి అంటుకుంటే ఇంకేమీ అడగక్కర్లేదు. అలాంటి బండిని పొలం పనికి బాగా తక్కువ ధరకు తీసుకుంటే తప్పులేదు గానీ, కుటుంబంతో దూరం వెళ్ళడానికి నేను సలహా ఇవ్వను.

పొలం బండి. ఇది సాధారణంగా మంచి బండే, ఓవర్‌లోడ్ చేయకుండా ఉంటే. బండిని చదునైన చోట నిలబెట్టి పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం ముందుకన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి. సమానంగా ఉన్నా, కుంగినట్టు ఉన్నా కమాన్ పట్టీలు అలసిపోయాయి. పట్టీలు లెక్కపెట్టండి. కొత్తగా మెరిసే ఒకటో రెండో పట్టీలు మధ్యలో దూర్చి ఉంటే, కంపెనీ చెప్పిన బరువు కన్నా చాలా ఎక్కువ మోశారన్నమాట. క్యాబిన్‌కూ ట్రాలీకీ మధ్య సందును పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్ల చూడండి. ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా ఉంటే ఛాసిస్ వంగి ఉండొచ్చు.

ట్రాలీలో పరిచిన రబ్బరు మ్యాట్ ఎత్తి చూడకుండా ఏ పికప్ కొనొద్దు. యూరియా, పొటాష్ బస్తాలు చిరిగి రాలిన పొడి, వాన నీళ్ళతో కలిసి ఇనుమును తినేస్తుంది. పైన మెరిసే రంగు ఉన్నా, మ్యాట్ కింద మూలల్లో రేకు బిస్కెట్‌లా పెళుసై ఉంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కండి. తర్వాత కింద పడుకుని ట్రాలీ ఛాసిస్ మీద కూర్చునే బ్రాకెట్లు, బోల్టులు టార్చి వేసి చూడండి.

నీళ్ళలో మునిగిన బండి. 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి, మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే నీళ్ళలో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్, ఖమ్మం వైపు అదే పరిస్థితి. అప్పుడు మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోలేదు, కొన్ని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రోజూ వాడే మొదటి మూరెడు శుభ్రంగానే ఉంటుంది. లోపల చుట్టుకుని ఉండే చివరి భాగంలో అడ్డంగా ఒక లేత మట్టి రంగు గీత ఉంటే, నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. సీటు కింది బోల్టులు తుప్పు పట్టి ఉండటం, కార్పెట్ కింది స్పాంజీ ముక్క వాసన, హెడ్‌లైట్ అద్దం లోపల ఒండ్రు, ఇవన్నీ అదే కథ చెప్తాయి. కొత్త కార్పెట్, కొత్త సీటు కవర్లు, వాటిమీద ఘాటైన సెంటు వాసన మూడూ కలిసి కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా వెతకండి. మునిగిన బండి ఆరు నెలలు బాగానే నడుస్తుంది, తర్వాత వైరింగ్ జాయింట్లు ఒక్కొక్కటిగా పచ్చబడి చచ్చిపోతాయి. ధర ఎంత తగ్గించినా వద్దు.

ఢిల్లీ బండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లో ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాయి, అందుకే అక్కడి నుంచి ఇటు చవగ్గా వస్తాయి. నగరంలో తిరిగినవి కాబట్టి మెకానికల్‌గా మంచివి దొరకొచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త టీజీ నంబర్, వీటన్నిటి ఖర్చూ కలుపుకున్నాక కూడా చవకేనా అని కాగితం మీద లెక్క వేయండి. ఎన్‌ఓసీ చేతికి రాని బండిని "వారంలో వస్తది" అనే మాట మీద తీసుకోవద్దు.

ఐదో పని: చల్లటి ఇంజన్

బండి చూడ్డానికి వెళ్ళే ముందు ఓనరుకు ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పండి: "అన్నా, పొద్దుగాల ఏడింటికి వస్త. నేనొచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యకుండ్రి." వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి. స్టార్టింగ్ సమస్య ఉన్న డీజిల్ బండిని కొనేవాళ్ళు వచ్చేలోపే వేడి చేసి పెట్టడం పాత అలవాటు.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్ళు తేరుకుని రంగుగా ఉండాలి. మీద నూనె తేలుతున్నా, కాఫీ రంగులో ఉన్నా హెడ్ గ్యాస్కెట్ పని ఉంది. ఇంజన్ వేడెక్కాక ఆ మూత ముట్టుకోవద్దు. స్టార్ట్ చేసినప్పుడు ఒక క్షణం పొగ రావడం సహజం. ఆగకుండా నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఎంతకీ పోకపోతే ఇంజెక్టర్ల లోపమో, నీళ్ళు లోపలికి పోవడమో కారణం. గట్టిగా రేజ్ చేసినప్పుడు చిక్కటి నల్ల పొగ వస్తే గాలి, డీజిల్ లెక్క తప్పింది: ఫిల్టర్, టర్బో, ఇంజెక్టర్ ఏదైనా కావొచ్చు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా వదులు చేయండి. కాస్త ఆవిరి పర్వాలేదు. మూత ఎగిరి పడేంత ఒత్తిడితో పొగ తన్నుకొస్తుంటే రింగులు అరిగాయి. పాత డీజిల్ ఇంజన్ రీబోరింగ్ దాకా వెళ్తే బండి ధరలో పెద్ద భాగం దానికే పోతుంది.

ఆరో పని: ఫోర్ బై ఫోర్ నిజంగా ఉందా, పనిచేస్తోందా

స్టిక్కర్ చూసి నమ్మొద్దు. వెనుక డోరు మీద ఫోర్ బై ఫోర్ అని అతికించిన టూ వీల్ డ్రైవ్ బండ్లు ఉన్నాయి. ఇసుజులో హై ల్యాండర్ చూడ్డానికి వీ క్రాస్ లాగే ఉంటుంది, అది టూ వీల్ డ్రైవ్. 2021 తర్వాత వీ క్రాస్‌లోనే టూ వీల్ డ్రైవ్ రకం కూడా వచ్చింది. కింద పడుకుని చూడండి. ముందు చక్రాల మధ్య ఒక క్రౌన్, అక్కడి నుంచి వెనక్కి గేర్‌బాక్స్ దాకా ఒక జాయింట్ షాఫ్ట్, ముందు రెండు చక్రాలకూ యాక్సిల్ షాఫ్టులు ఉండాలి.

ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు. చాలామంది ఓనర్లు ఏళ్ళ తరబడి ఫోర్ వీల్ వేయనే వేయరు. స్విచ్‌తో మారే బండ్లలో మోటార్, వాక్యూమ్‌తో పనిచేసే వాటిలో ఆక్చువేటర్ వాడక బిగుసుకుపోతాయి. లివర్ ఉన్నవాటిలో లింకేజీ తుప్పు పడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. మట్టి నేల మీద, ఆరిన తారు మీద కాదు, మెల్లగా నడుపుతూ ఫోర్ హై (నాలుగు చక్రాలకూ పవర్, మామూలు స్పీడు) వేయండి. డ్యాష్‌బోర్డులో లైటు కాసేపు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలగాలి. మిణుకుతూనే ఉంటే ఎంగేజ్ కాలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా ఒక చుట్టు తిరగండి. ముందు చక్రాలు బిగబట్టినట్టు, మట్టిని గీరుకుంటూ తిరగాలి. అలా బిగబట్టడం మంచిదే, ముందు చక్రాలకు పవర్ అందుతోందని అర్థం. టూ హైలో (వెనుక చక్రాలకే పవర్) తిరిగిన దానికీ దీనికీ తేడా తెలియకపోతే అనుమానించండి.

ఇంకా గట్టి రుజువు కావాలంటే, ఫోర్ హైలో ఉంచే బండి ఆపి, ఇంజన్ ఆపి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి, ఒక్క ముందు చక్రాన్ని జాకీతో లేపండి. బండి కిందికి దూరకుండా బయటి నుంచే ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. కాస్త ఆడి ఆగిపోవాలి. స్వేచ్ఛగా తిరుగుతోందంటే ముందు యాక్సిల్‌కు కనెక్షన్ లేదు. చక్రం దించి, టూ హైకి మార్చి, కొంచెం నడిపి, మళ్ళీ అదే పద్ధతిలో లేపితే ఈసారి తిరగాలి. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది, అడిగితే సరైన ఓనరు కాదనడు.

తర్వాత ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలకూ పవర్, స్పీడు తక్కువ, లాగే బలం ఎక్కువ. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. మొదటి గేరులో క్లచ్ వదిలితే యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే మనిషి నడక కన్నా మెల్లగా పాకుతూ వెళ్ళాలి. గేరు తన్నేసి బయటికి వచ్చినా, లోపల పళ్ళు గరగరలాడినా ట్రాన్స్‌ఫర్ కేసులో పని ఉంది.

ఇప్పుడు మెకానిక్‌తో ముందు, వెనుక క్రౌన్‌ల ఫిల్లర్ ప్లగ్గులు విప్పించండి. వేలు లోపలికి పెట్టి కొంచెం ఆయిల్ తీసి వెలుతురులో చూడండి. తేనె రంగు, ముదురు గోధుమ రంగు, నల్లగా ఉన్నా సరే, మార్చుకోవచ్చు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయి. బండి వాగుల్లో దిగింది, ఆ తర్వాత ఎవరూ ఆయిల్ మార్చలేదు. వేళ్ళ మధ్య రుద్దితే మెరిసే ఇనుప రజను తగులుతుంటే బేరింగులో, పళ్ళో అరిగిపోతున్నాయి. ఈ ఒక్క వేలు పరీక్ష మీటర్ కన్నా ఎక్కువ చెప్తుంది.

టైర్లు నాలుగూ ఒకే సైజు, వీలైతే ఒకే బ్రాండు, దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనుక రెండు గుండు అయితే చుట్టుకొలతలో తేడా వస్తుంది, ఫోర్ వీల్ వేసినప్పుడు ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది. ఆరేడేళ్ళు దాటితే గాడులున్నా మార్చేయాలి, బేరంలో ఆ ఖర్చు తగ్గించుకోండి.

ఏడో పని: నడిపి చూడటం

అరగంటకు తగ్గకుండా నడపండి, హైవే మీద కొంత, మొరం బాట మీద కొంత. ఎనభై స్పీడులో స్టీరింగ్ వణికినా, ఒక పక్కకు లాగినా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కింద నుంచి ఊళ వినిపించినా రాసి పెట్టుకోండి. గేరు వేయగానే టక్ అని శబ్దం వస్తే జాయింట్ క్రాసులు అరిగాయి, అది చిన్న ఖర్చే. ఖాళీ పికప్ వెనుక సీటులో ఎగరేయడం సహజం, కమాన్ పట్టీలు బరువు కోసం పెట్టినవి. ఇంట్లోవాళ్ళను కూడా వెనుక సీటులో కూర్చోబెట్టి తిప్పండి. ఆ కుదుపు వాళ్ళకు నచ్చకపోతే ఇంట్లో ఆ బండి ఎవరూ ఎక్కరు.

ఎనిమిదో పని: కాగితాలు, బేరం

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరును బండి ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో అంకె అంకె కలపండి. గీకినట్టు, మళ్ళీ వెల్డింగ్ చేసినట్టు ఉంటే అక్కడే వెనుదిరగండి. తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ వివరాలు, పోలీసుల ఈ చలాన్ సైట్లో బకాయిలు చూడండి. ఏపీ 36 నంబరు ఉంటే 2014కు ముందు రిజిస్టరైన వరంగల్ బండి. ఆ కాలం జెనన్‌లు, గెటవేలు కొన్ని పదిహేనేళ్ళు దాటేశాయి, రిజిస్ట్రేషన్ పొడిగించారో లేదో తప్పక చూడండి. ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. ఓనర్‌షిప్ మార్పుకు 29, 30 ఫారాలు. సంతకాలు పెట్టిన ఫారాలు చేతిలో పెట్టుకుని నెలల తరబడి పాత పేరు మీదే తిప్పడం ఇద్దరికీ ప్రమాదం. ఏదైనా యాక్సిడెంటు జరిగితే పాత ఓనరు కోర్టు చుట్టూ తిరగాలి, మీకు బీమా దక్కడం కష్టమవుతుంది.

బండికి పెద్ద ఇనుప బంపర్ గార్డు ఉంటే అది ప్లస్ పాయింట్ కాదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. తీసేయించండి. ఆర్‌సీలో ఎక్కించని పెద్ద టైర్లు, మార్చిన బాడీ ఉన్న బండ్లకు దూరంగా ఉండండి.

బేరంలో నా పద్ధతి: చూసినప్పుడు రాసుకున్న లోపాలన్నిటికీ మెకానిక్‌తో ధర వేయించి, ఆ కాగితాన్ని ఓనరు ముందు పెట్టి మాట్లాడటం. కొన్న ధరలో ఐదో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు పక్కన ఉంచుకోలేకపోతే ఇంకో మెట్టు చవక బండి చూసుకోండి.

తొమ్మిదో పని: కొన్న మొదటి వారం, ఆ తర్వాత

పాత ఓనరు ఏం చెప్పినా సరే, ఆయిళ్ళన్నీ ఒకేసారి మార్చండి: ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు క్రౌన్‌లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్. ఫిల్టర్లు కూడా. జాయింట్లకు గ్రీజు కొట్టించండి. క్రౌన్‌ల బ్రీదర్ గొట్టాలు మట్టితో మూసుకుపోయాయేమో చూడమని ప్రత్యేకంగా చెప్పండి. వేడి క్రౌన్ చల్లటి నీళ్ళలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ళ గుండా నీళ్ళు పీల్చుకుంటుంది.

బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: మంచి లాగుడు బెల్టు, రెండు షాకిల్స్, చిన్న పార, గాలి కొట్టే పంపు, ప్రెషర్ గేజ్, రెండు బలమైన చెక్క పలకలు. రేగడిలో దిగబడితే టైర్ల గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రాల ముందు మట్టి తీసి, ఫోర్ లోలో రెండో గేరు వేసి మెల్లగా లాగండి. తారు ఎక్కాక మళ్ళీ గాలి నింపాలి. తారు మీద ఫోర్ వీల్ తీసేయాలి, ఆరిన రోడ్డు మీద అలాగే నడిపితే లోపలి గేర్లు మెలి తిరుగుతాయి. వాగు కాజ్‌వే మీద నుంచి పారుతుంటే ఎన్ని చక్రాలకు పవర్ ఉన్నా దిగొద్దు. నీళ్ళు బండిని పైకి లేపుతాయి, చక్రం నేలను వదిలాక ఫోర్ బై ఫోర్‌కు చేసేదేమీ ఉండదు.

వారాంతపు బండికి ఇంకో శత్రువు ఊరికే నిలబడి ఉండటం. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేక్ డ్రమ్ములు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బుధవారమో గురువారమో ఒకసారి తీసి పదిహేను, ఇరవై నిమిషాలు నడపండి, ఊరికే స్టార్ట్ చేసి ఆపడం కాదు. వానాకాలంలో నీళ్ళు చేరని చోట నిలబెట్టండి. నెలకోసారి మట్టి నేల మీద ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి, ముందుకూ వెనక్కీ కొంత దూరం నడిపి తీయండి. పొలం నుంచి వచ్చాక బురద ఆరకముందే కింది భాగం నీళ్ళతో కొట్టించండి, ముఖ్యంగా కమాన్ పట్టీల మధ్య, ట్రాలీ బ్రాకెట్ల దగ్గర. ఎరువు బస్తాలు తెచ్చిన రోజు మ్యాట్ ఎత్తి కడగండి.